యాదమ్మ అనే పేరు

మూడేళ్ల కిందట ఒక ఉద్యోగానికి ఎంపికై సర్టిఫికెట్ల పరిశీలనకు వెళ్లాను. బల్లకు అవతల కూర్చున్న ఆయన నా పదో తరగతి మెమోనూ, అమ్మ ఆధార్ కార్డు జిరాక్సునూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఒకదాంట్లో తల్లి పేరు యశోద. ఇంకోదాంట్లో యాదమ్మ. "వీళ్లిద్దరిలో మీ అమ్మ ఎవరమ్మా?" అని అడిగాడు. నేను జవాబు వెతుక్కుంటుండగానే, "యశోద అంటే పెంచిన తల్లా?" అన్నాడు. ఆయన వెక్కిరించాలని అనలేదు. నాకు మాత్రం ముఖం చెల్లలేదు. ఎందుకంటే ఆ యశోదను పుట్టించింది నేనే.

పదో తరగతిలో పరీక్ష ఫీజు కట్టేముందు వివరాలు రాసుకుంటూ టీచర్ ఒక్కొక్కరినీ లేపి తల్లిదండ్రుల పేర్లు అడిగింది. నా ముందు బెంచీల నుంచి విజయలక్ష్మి, సరళ, ఉమాదేవి అన్న పేర్లు వినబడుతున్నాయి. మా బడి ఊడ్చే ఆయమ్మ పేరు యాదమ్మ. రోజుకు పదిసార్లు "యాదమ్మా, బకెట్ తే", "యాదమ్మా, ఎక్కడ చచ్చినవ్" అన్న కేకలు ఆ వరండాలో మోగేవి. నా వంతు వచ్చింది. నోటికి "యా" అని వచ్చింది, అక్కడే ఆగి "యశోద" అన్నాను. ఆ తర్వాత ఇంటర్, డిగ్రీ, ఎం.ఏ., చివరికి సాహిత్యంలో నా డాక్టరేటు దాకా అన్ని కాగితాల మీదా నేను యశోద కూతురినే. స్త్రీల ఆత్మకథల మీద పేజీలకు పేజీలు రాసిన నేను ఇంట్లో ఉన్న ఒక స్త్రీ పేరును రికార్డుల్లోంచి తుడిచేశాను. ఈ వ్యాసం ఆ పేరు గురించి.

మేముండేది మాదన్నపేట. ఈ పేటకు పేరు ఎక్కడిదో ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా (1672–1687) కొలువులో ప్రధానిగా ఉన్న మాదన్న పేరు ఇది. ఆయనా, సోదరుడు అక్కన్నా గోల్కొండ వీధిలో హత్యకు గురయ్యారు. ఆ తర్వాత కొద్దికాలానికే, 1687లో, కోట ఔరంగజేబు చేతికి పోయింది. హరిబౌలిలోని మహంకాళి గుడి ఇప్పటికీ అక్కన్న మాదన్నల పేరుతోనే ఉంది. ఆషాఢంలో ఆ గుడికి బోనాలెత్తేది ఆడవాళ్లు, నెత్తిన కుండ మోసేది వాళ్లు, గుడికున్నది మాత్రం అన్నదమ్ముల పేరు. మూడు వందల ముప్పై ఏళ్లు దాటినా ఒక మంత్రి పేరు ఒక పేటకు నిలిచి ఉంది. అదే పేటలో తెల్లవారుజామున మండీలో కూరగాయల గంపల వెనక కూర్చునే ఆడవాళ్ల పేర్లు ఒక్క తరంలో మాయమవుతున్నాయి. మగవాడి పేరు జాగాకు అంటుకుంటుంది. ఆడదాని పేరు ఆమె చేసే పనికి అంటుకుంటుంది. అందులో ముఖ్యమైన తేడా ఉందని నాకు చాలా ఆలస్యంగా అర్థమయింది.

యాదమ్మ, యాదయ్య, యాదగిరి. ఈ పేర్లన్నీ యాదగిరిగుట్టవి. హైదరాబాద్‌కు సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, భువనగిరి దాటాక ఉన్న నరసింహస్వామి గుట్ట అది. ఋష్యశృంగుడి కొడుకైన యాద మహర్షి అక్కడి గుహలో తపస్సు చేస్తే స్వామి అయిదు రూపాల్లో కనిపించాడని, ఆ ఋషి పేరే కొండకు వచ్చిందని స్థలపురాణం చెబుతుంది. మా అమ్మమ్మకు ఈ ఋషి సంగతి తెలియదు. ఆమెకు తెలిసింది గుట్ట, గుండం, తడిబట్టలతో చేసే ప్రదక్షిణలు. గుట్ట మీది నరసింహస్వామికి వైద్యుడన్న పేరుంది. రోగమొచ్చినవాళ్లు, గాలి సోకిందనుకున్నవాళ్లు, పిల్లలు కలగనివాళ్లు, పుట్టిన పిల్లలు దక్కనివాళ్లు మండలం రోజులు అక్కడే ఉండి ప్రదక్షిణలు చేసేవారు. స్వామి కలలోకి వచ్చి బాగుచేస్తాడని నమ్మకం. ఆస్పత్రి అందుబాటులో లేని పల్లెల ఆడవాళ్లకు ఆ గుట్టే ఆస్పత్రి. అమ్మమ్మకు మొదటి ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. మూడో కాన్పుకు ముందు గుట్టకు మొక్కుకుంది. పుట్టిన బిడ్డకు మొక్కు ప్రకారం గుట్ట పేరు పెట్టింది. ఆ బిడ్డే మా అమ్మ.

తెలంగాణలో పాత తరం పేర్లను ఒక చోట రాసుకుంటే అది జాతరల పటంలా ఉంటుంది. కొమురవెల్లి మల్లన్న దగ్గర నుంచి కొమురయ్య, కొమురమ్మ. వేములవాడ రాజన్న నుంచి రాజయ్య, రాజవ్వ. మేడారం నుంచి సమ్మయ్య, సమ్మక్క, సారక్క. ఐలోని మల్లన్న నుంచి ఐలయ్య, ఐలమ్మ. చదువురాని తల్లి తన మొక్కును, తన నడకను, తన భయాన్ని రాసి పెట్టుకోవడానికి ఆమెకున్న ఒకే ఒక కాగితం బిడ్డ పేరు. సాహిత్య విద్యార్థులం స్త్రీల తొలి రచనల కోసం పత్రికల పాత సంచికలు తిరగేస్తాం. ఈ పేర్లను కూడా మనం చదవలేదేమో అనిపిస్తుంది.

బతకని పిల్లల ఇళ్లలో ఇంకో రకం పేర్లు కూడా ఉండేవి. పెంట మీద వేసి మళ్లీ తెచ్చుకున్నట్టు నటించి పెంటయ్య, పెంటమ్మ అని పిలిచేవారు, చావుకు అసహ్యం పుట్టి వదిలిపెడుతుందని. అసలు వద్దనుకున్న ఆడపిల్లలకు పెట్టే పేర్లూ మన దేశంలో ఉన్నాయి. మహారాష్ట్రలోని సతారా జిల్లాలో 'నకుశా', అంటే 'వద్దు' అని అర్థం వచ్చే పేరున్న 285 మంది ఆడపిల్లలకు 2011లో కొత్త పేర్లు పెట్టారు. ఆ వార్త చదివినప్పుడు నాకు అమ్మ పేరు గుర్తుకొచ్చింది. యాదమ్మ దానికి సరిగ్గా వ్యతిరేకమైన పేరు. కావాలని అడిగి, గుట్టెక్కి, ప్రదక్షిణలు చేసి తెచ్చుకున్న ఆడపిల్ల పేరు. నేను సిగ్గుపడింది అంత ఇష్టంగా పెట్టిన పేరుకు.

అయితే ఆ సిగ్గు నా ఒక్కదానిదీ కాదు, నాతో మొదలైందీ కాదు. దానికి చరిత్ర ఉంది.

నిజాం కాలంలో దొరల గడీల ముందు వెట్టి చేసే కులాల మనుషులకు పూర్తి పేర్లు ఉండేవి కావు. ఎల్లయ్య ఎల్లిగాడు, మల్లయ్య మల్లిగాడు, పోచమ్మ పోశి, యాదమ్మ యాది. పసిపాపకైనా 'అమ్మ' అని చేర్చి తల్లి పెట్టిన పేరులోంచి ఆ 'అమ్మ'ను కోసేయడం దొరతనానికి మొదటి గుర్తు. రెడ్ల ఇళ్లలోనూ యాదమ్మలు ఉండేవారు. కానీ ఆ యాదమ్మ 'దొరసాని' అయ్యేది. పేరు ఒకటే, ఒకరికి తోక కలిసేది, ఇంకొకరికి మొండెం తెగేది. "అమ్మా, నిన్నెట్ల పిలిచేటోళ్లు మీ ఊర్ల?" అని ఒకసారి అడిగాను. "ఎట్ల పిలుస్తరు? యాదీ అని పిలిచేటోళ్లు. పదేండ్ల దొరబిడ్డ గూడ గట్లనే పిలిచేది. మా అమ్మ ఒక్కతే యాదమ్మా అనేది" అంది. తన కన్నతల్లి నోట తప్ప ఆ ఊళ్లో ఆమె పూర్తి పేరు వినబడలేదన్న మాట.

యాది అంటే తెలంగాణ తెలుగులో జ్ఞాపకం. పారశీకపు 'యాద్' ఉర్దూలోంచి మన నోళ్లలోకి వచ్చి యాది అయింది. సామల సదాశివ గారు తన జ్ఞాపకాల పుస్తకానికి ఆ పేరే పెట్టుకున్నారు. గుట్ట పేరులోని యాదకూ ఈ యాదికీ సంబంధం లేదు. కానీ పాతబస్తీలో రెండు భాషలూ ఒకే గల్లీలో బతుకుతాయి కదా. మండీలో అమ్మ పక్కన ముప్పై ఏళ్లుగా కొత్తిమీర, పుదీనా అమ్మే ముస్లిం ఆమెకు అమ్మ పేరంటే జ్ఞాపకాల అమ్మ అనే. ఎవరు ఎంత బాకీ ఉన్నారో రాసుకోకుండానే అమ్మకు గుర్తుండటం చూసి, "పేరు సరిగ్గా పెట్టారు" అని ఉర్దూలో మెచ్చుకుంటుంది. గడీ ముందు తిట్టులా వినబడిన 'యాది' మండీలో మెప్పుగా మారింది. శబ్దం అదే. పిలిచే గొంతును బట్టి విలువ మారింది.

పేరును తిరిగి నిలబెట్టుకున్న ఆడవాళ్ల చరిత్ర కూడా తెలంగాణకు ఉంది. పాలకుర్తి దగ్గర విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పంటను ఇంటికి చేర్చుకున్న ఐలమ్మ ఒక జాతర పేరుగల ఆడదే. 1946 జూలై 4న కడవెండిలో తూటాకు బలైన దొడ్డి కొమురయ్యదీ జాతర పేరే. అదే పోరాటంలో తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యం పేరు ఇంకో తీరుది. నల్లగొండ జిల్లా భూస్వామ్య కుటుంబంలో, జాతీయోద్యమ కాలంలో, ఆ ఉద్యమ ప్రభావంతో పెట్టిన పేరు. ఒకరి పేరులో ఊరి దేవుడు, ఒకరి పేరులో దేశం. ఎవరి ఇంట్లోకి ఏ వార్త వచ్చి చేరిందో పేర్లే చెబుతాయి. 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఈ రెండు రకాల పేర్లూ పక్కపక్కన కనిపిస్తాయి. ఆ పుస్తకాన్ని నేను పోరాటంలో స్త్రీల పాత్ర కోసం చాలాసార్లు చదివాను. విషయసూచికలో ఉన్న పేర్లను కులాల, ప్రాంతాల చరిత్రగా చదవాలని మాత్రం ఈ మధ్యనే తోచింది. ఐలమ్మ పేరుకు ముందు మనం 'చాకలి' అని చేర్చుకుంటాం. స్వరాజ్యం పేరుకు ముందు అలాంటి మాట లేదు. పోరాటం కూడా ఈ తేడాను పూర్తిగా చెరిపేయలేదు.

పల్లెల నుంచి పట్నానికి వచ్చిన యాదమ్మలకు ఇక్కడ కొత్త గుర్తింపు దొరికింది. అది పని గుర్తింపు. ఇళ్లలో బోళ్లు తోమేవాళ్లు, తట్టలు మోసే కూలీలు, బడి ఆయమ్మలు, మునిసిపాలిటీ చీపురు పట్టినవాళ్లు. నల్లగొండ వైపు నుంచి, భువనగిరి, మోత్కూరు వైపు నుంచి బతకడానికి వచ్చినవాళ్లలో ఆ పేరు ఎక్కువ కాబట్టి, నగరం ఆ పేరును మనిషికి కాకుండా పనికి గుర్తుగా వాడుకుంది. కొత్తగా చేరిన పనిమనిషి పేరు అడగకుండానే "యాదమ్మా" అని పిలిచే ఇళ్లను నేను చూశాను. సినిమాలు ఈ పని పూర్తిచేశాయి. చాలా ఏళ్లపాటు తెలంగాణ యాసను నౌకర్లకు, రౌడీలకు, నవ్వించే పాత్రలకు మాత్రమే ఇచ్చారు. ఆ యాసతో పాటు యాదగిరి, యాదమ్మ అన్న పేర్లూ తెరమీద నవ్వు తెప్పించే పేర్లయ్యాయి. మగ పేరుకు కొంత వెసులుబాటు దొరికింది. వెనక రెడ్డో, రావో చేరితే యాదగిరి పెద్దమనిషి అవుతాడు. యాదమ్మకు ఆ దారి లేదు. 'అమ్మ' తర్వాత ఇంకేమీ చేరదు.

అందుకే యాదమ్మలు తమ కూతుళ్లకు ఆ పేరు పెట్టలేదు. మా గల్లీలో అమ్మ ఈడు వాళ్లలో యాదమ్మలు చాలామంది ఉంటే కూరగాయల యాదమ్మ, బీడీల యాదమ్మ, మూల మీది యాదమ్మ అని విడదీసి చెప్పుకునేవాళ్లం. వాళ్ల కూతుళ్లు సునీత, జ్యోతి, మాధవి, సుజాత. మనవరాళ్లు మౌనిక, శ్రావణి, వైష్ణవి. చర్చికి వెళ్లిన ఇళ్లలో కరుణ, మేరీ, సువార్త. మధ్యలో కొంతకాలం యాదలక్ష్మి అన్న పేరు వచ్చింది, సగం మొక్కు తీర్చుకుని సగం తప్పించుకున్నట్టు. ఇప్పుడు ఈ పేటలో పసిబిడ్డకు యాదమ్మ అని పేరు పెట్టిన వాళ్లు నాకు కనబడలేదు.

ఈ మార్పును 'ఫ్యాషన్' అని తేల్చేయడం సులువు. పేర్లు పాతబడతాయి, కొత్తవి వస్తాయి, ఎక్కడైనా అంతే కదా అంటారు. నాకు ఆ మాట సరిపోదు. వేంకటసుబ్బమ్మ పాతబడి సుబ్బలక్ష్మి కావడం ఒకటి. రోజుకు పదిసార్లు కేకగా వినబడే పేరు నుంచి కూతురిని తప్పించడం ఇంకొకటి. మొదటిది రుచి మారడం, రెండోది తప్పించుకోవడం. 'మంచి దేశీ పేర్లు పోతున్నాయి' అని ఈ మధ్య మన సభల్లో బాధపడేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లలో నేనూ ఉన్నాను. కానీ ఆ పేరు మోసిన బరువు ఎవరిదో గమనించకుండా దాని అందం గురించి మాట్లాడితే, మళ్లీ ఆ పేరును మోసే పనిని వాళ్లకే అప్పగిస్తున్నామా అని అనుమానం వస్తుంది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చినప్పుడు దళిత స్త్రీలు తమ గురించి తామే రాసుకున్నది ఒక్కచోట చేరింది. పేర్ల సంగతి కూడా అలా మోసినవాళ్లే చెప్పాల్సింది.

మరోవైపు ఈ పేర్లకు మూలమైన చోట్లకు పెద్దరికం దక్కింది. 2015లో యాదగిరిగుట్ట యాదాద్రి అయింది. 'గుట్ట' అన్న మన మాట తీసి 'అద్రి' పెట్టారు. 2016 అక్టోబరు 11న ఏర్పడిన కొత్త జిల్లాకు యాదాద్రి భువనగిరి అని పేరొచ్చింది. నల్లరాతితో కొత్తగా కట్టిన గుడి 2022 మార్చి 28న తెరుచుకుంది. 2024 నవంబరులో మళ్లీ యాదగిరిగుట్ట అనే వాడాలని ముఖ్యమంత్రి చెప్పారు. గుట్ట పేరు మీద రెండు ప్రభుత్వాలు మాట్లాడాయి. గుట్ట పేరును ఒంటి మీద మోసిన ఆడవాళ్ల గురించి ఆ చర్చలో ఎవరికీ యాదికి రాలేదు. అమ్మ మాత్రం అప్పుడూ ఇప్పుడూ "గుట్టకు పోయొస్త" అనే అంది.

మా ఇంటికి దగ్గర్లోనే కోఠి మహిళా కళాశాల ఉంది. 1924లో మొదలైన ఆ కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఆ ద్వారం మీద ఆ పేరు చూసినప్పుడు నాకు సంతోషం కలిగింది, అబద్ధం చెప్పను. లోపలికి వెళ్లే అమ్మాయిల్లో ఒక్క ఐలమ్మ అయినా ఉంటుందా అన్న ఆలోచన కూడా వెంటనే వచ్చింది. మనం ఆ పేరును ద్వారం మీదికి ఎక్కించాం. ఊయల్లోకి తేలేకపోయాం. గౌరవం విగ్రహానికి అందింది, ఆ పేరున్న బతికున్న మనిషికి ఇంకా అందలేదు. పేర్లు మళ్లీ రావాలంటే ముందు ఆ పేర్లున్న వాళ్లను పిలిచే గొంతు మారాలి. మిగతాదంతా ఆ తర్వాతి మాట.

2010 ఫిబ్రవరిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం దగ్గర తెలంగాణ కోసం నిప్పంటించుకుని చనిపోయిన యువకుడి పేరు సిరిపురం యాదయ్య. ఆ రోజుల్లో క్యాంపస్ గోడల మీద, పాటల్లో, ఊరేగింపుల్లో ఆ పేరు పూర్తిగా, 'అయ్య'తో సహా వినబడింది. అమ్మ టీవీ ముందు కూర్చుని ఏడ్చింది. "మా పేరోడే" అంది. ఆ మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది. పేరు ఒకటైతే చుట్టరికం అనుకునే మనిషి ఆమె. నేనేమో అదే పేరు నుంచి దూరం జరిగినదాన్ని.

సర్టిఫికెట్ల కథకు వస్తాను. యశోద, యాదమ్మ ఒక్కరేనని స్టాంపు కాగితం మీద అఫిడవిట్ రాయించుకు రమ్మన్నారు. నోటరీ దగ్గరికి అమ్మను తీసుకెళ్లాను. ఆటోలో కూర్చున్నాక విషయం చెప్పక తప్పలేదు. బడి ఆయమ్మ సంగతి, నేను ఆపేసిన "యా" సంగతి అన్నీ చెప్పాను. అమ్మ కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, "గా యశోద ఎట్లుంటది బిడ్డా, మంచిగుంటదా?" అని అడిగింది. నేను ఏడ్చాను. "ఏడ్వకు, నేను గూడ నా పేరు నీకు పెట్టలేదు గద" అంది.

అప్పుడే మొదటిసారి అడిగాను, నాకు ఈ పేరు ఎందుకు పెట్టావని. నా పేరు స్వాతి. వారపత్రిక పేరనీ, సినిమా పేరనీ, నాన్న ఎక్కడో విని పెట్టి ఉంటాడనీ అనుకుంటూ పెరిగాను. అమ్మ నవ్వింది. "గుట్ట మీద సామి నచ్చత్రం స్వాతి. నెల నెలా ఆ దినం నూరు కుండల నీళ్లతోని సామికి తానం జేయిస్తరు. నిన్ను మోస్తున్నప్పుడు పోయి చూసొచ్చిన. యాదమ్మ అని పెడితే నిన్ను గూడ యాదీ అని పిలుస్తరు. అందుకే సామి పేరు దాచిపెట్టి పెట్టిన" అంది.

ముప్పై ఏళ్లు ఆ పేరుతో తిరిగాను. సాహిత్యంలో పరిశోధన చేశాను. నా పేరే నేను చదవలేదు.

నోటరీ ఆయన టైపు చేసిన కాగితం చదివి వినిపించాడు. యశోద అలియాస్ యాదమ్మ అని ఉంది. నేను దాన్ని మార్పించాను. యాదమ్మ అసలు పేరు, యశోద పొరపాటున నమోదైన పేరు అని రాయించాను. అమ్మ రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలతో, నాలుక కొస పంటి కింద పెట్టుకుని, నెమ్మదిగా సంతకం చేసింది. పదో తరగతి మెమోలో పేరు దిద్దించడానికి దరఖాస్తు పెట్టాను. ఆ పని ఇంకా తేలలేదు. ఈలోగా నా పరిశోధన పుస్తకంగా వస్తోంది. అంకితం పేజీలో ఒక్క పేరే ఉంటుంది. దానికి ముందూ వెనకా ఏమీ చేర్చడం లేదు.